మా బాబు కూడికలు, తీసివేతలు బాగానే చేస్తాడు, లెక్క వాక్యాల్లో ఇస్తే మాత్రం తికమకపడతాడు. ఏం చేయాలి?

మీ బాబుది నాలుగో తరగతి, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఉండే ఇబ్బంది) ఉందని తేలింది, 15 లోంచి 6 తీసేయమంటే టక్కున చెప్తాడు, అదే వర్డ్ ప్రాబ్లమ్‌గా ఇస్తే గందరగోళం అని రాశారు. అచ్చం ఇలాంటి పిల్లాడే నా దగ్గర మూడేళ్లు చదివాడు. విశాఖ మద్దిలపాలెంలో ఇంట్లోనే ట్యూషన్ చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలినవి', 'దిగారు' లాంటివి ఉంటే తీసివేత అంటూ ఒక చార్టు రాసి గోడకు అంటించాను. వారం రోజులు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత ఈ లెక్క ఇచ్చాను: "బస్సులో కొందరు ఉన్నారు. ఇసుకతోటలో 6 మంది దిగారు. ఇంకా 9 మంది ఉన్నారు. మొదట ఎంతమంది?" వాడు 3 అని రాశాడు. ఎలా వచ్చిందంటే "దిగారు కదా టీచర్, తీసేశాను" అన్నాడు. చార్టు ప్రకారం వాడు కరెక్టే! ఆ రోజే చార్టు పీకేశాను.

మర్నాడు అంకెలూ ప్రశ్నా పక్కన పెట్టి కథ మాత్రమే చెప్పాను. కొందరున్నారు, కొందరు దిగారు, కొందరు మిగిలారు. గచ్చు మీద సుద్దతో పొడవాటి బస్సు గీశాం, మనుషులు చింతపిక్కలు. "ఎప్పుడు ఎక్కువమంది ఉన్నారు? దిగకముందా, దిగాకా?" అంటే "ఏటి టీచర్, దిగకముందే కదా" అని నవ్వాడు. అప్పుడు అంకెలు చెప్పాను. 9 పిక్కలు బస్సులో, 6 బయట పెట్టాడు. కాసేపు చూసి బయటున్నవి చేత్తో బస్సులోకి తోసేశాడు. పదిహేను!

ఈ తరగతుల్లో కూడిక, తీసివేత లెక్కలు చాలావరకు మూడు రకాలే. ఎక్కడం దిగడం లాంటి మార్పు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిస్తే తరగతి లాంటి కలయిక, ఇద్దరి మధ్య పోలిక. రకానికో బొమ్మ నేర్పండి, తెలియని చోట ఖాళీ డబ్బా గీయించండి. ఒకటి కుదిరాకే రెండోది, ఆ తర్వాతే అన్నీ కలిపి ఇవ్వండి. పోలికే అన్నిటికంటే మొండిది. "రాజు దగ్గర 8 జామకాయలున్నాయి. అవి లత దగ్గరున్నవాటి కంటే 3 ఎక్కువ. లత దగ్గర ఎన్ని?" అంటే 'ఎక్కువ' చూసి 11 అంటారు, జవాబు 5. అక్కడ ఒకదాని కింద ఒకటి రెండు కాగితం పట్టీలు పెట్టించాను.

ఇంకొకటి, లెక్క మీరే చదివి వినిపించండి. ఇంగ్లీషు మీడియం అయితే విన్నది తెలుగులో తిరిగి చెప్పమనండి. మావాడికి సగం తప్పులు చదవడంలోనే పోయేవి, పైగా ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా వినిపించేది కాదు. రోజుకు రెండు లెక్కలు చాలు. వాడి పాత బడిలో ఇరవై లెక్కలు ఎత్తిరాయమనేవారట, లెక్కల పీరియడ్ వస్తే కడుపునొప్పి అనేవాడు.

వైకల్య సర్టిఫికెట్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అర్హత ఉన్నవాళ్లకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు.

మావాడు ఇప్పుడు ఏడో తరగతి. పోలిక లెక్క వస్తే ఇప్పటికీ మార్జిన్‌లో రెండు పట్టీలు గీసుకుంటాడు. నేను వద్దనను.