మా అమ్మాయి బాగా పని చేస్తుంది, కానీ ఆ సంగతి ఎవరికీ తెలియదు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో నాలుగేళ్లుగా పని చేస్తోంది. రాత్రి పది దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటుంది. ఈసారి అప్రైజల్‌లో తనకి ప్రమోషన్ రాలేదు, తనతో పాటు చేరిన అబ్బాయికి వచ్చింది. మా అమ్మాయి మాటకారి కాదు. లింక్డ్‌ఇన్‌లో పర్సనల్ బ్రాండింగ్ (తన పేరుకి తానే గుర్తింపు తెచ్చుకోవడం) నేర్పే కోర్సు ఒకటి ఉందట, ఫీజు నలభై వేలు. అందులో చేర్పించమంటారా, లేక కంపెనీ మారమని చెప్పమంటారా? నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. - ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: సార్, మీరు అడిగింది కోర్సా, కంపెనీ మార్పా అని. మీ భయం మాత్రం వేరే ఉంది. మా పిల్లకి మాట్లాడటం రాదు, ఈ పోటీలో నెగ్గుకురాలేదేమో అని. ఏటా అప్రైజల్ లెటర్లు వచ్చే రోజుల్లో ఇదే ప్రశ్న తల్లిదండ్రుల దగ్గర్నుంచి నాకు చాలా వస్తుంది. ముందు ధైర్యంగా ఉండండి. ఒక్కసారి ప్రమోషన్ రాకపోతే కెరీర్ పోదు. తక్కువ మాట్లాడేవాళ్లు పైకొచ్చిన ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. చేసిన పని దాని అవసరం ఉన్నవాళ్లకి తెలియకపోతేనే ఇబ్బంది, అది సరిచేసుకోవడానికి నలభై వేలు అక్కర్లేదు.

చాలా కంపెనీల్లో రేటింగ్‌ని మేనేజర్ ఒక్కరే తేల్చరు. మేనేజర్లంతా కూర్చుని పేర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు, దాన్ని కాలిబ్రేషన్ అంటారు. చాలాచోట్ల పై రేటింగులు ఇన్నే ఇవ్వాలని లెక్క కూడా ఉంటుంది (ఇలా ర్యాంకులు పంచే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లోనే వదిలేసింది, మిగతావాళ్లలో కొందరు వదల్లేదు). ఆ మీటింగులో మీ అమ్మాయి మేనేజర్ "చాలా కష్టపడుతుంది" అంటే "మావాళ్లూ కష్టపడతారు" అని మిగతావాళ్లు అంటారు, అంతటితో ఆ మాట తేలిపోతుంది. అదే పక్క టీమ్ మేనేజర్ "ఆ అమ్మాయా, మా రిపోర్టుల తలనొప్పి తీర్చింది తనే కదా" అన్నారనుకోండి, ఇక వాదన ఉండదు. దీనికి తోడు ఆన్‌సైట్, అంటే క్లయింట్ ఉన్నచోట కూర్చునే మనిషి వ్యవహారం ఒకటి. పని ఇక్కడ జరుగుతుంది, క్లయింట్‌కి చెప్పేది అక్కడున్న కోఆర్డినేటర్. ఎవరు చేశారన్నది ఆ కాల్‌లో చాలాసార్లు జారిపోతుంది. ప్రతిసారీ దాని వెనక కుట్రే ఉండక్కర్లేదు, ఇక్కడివాళ్లు నాలుగు ముక్కలు రాసి ఇవ్వకపోతే ఆయన మాత్రం ఏం చెబుతారు?

ఇప్పుడు ఆ కోర్సు సంగతి. నాకు దాని మీద నమ్మకం లేదు, ఎందుకో వివరంగానే చెబుతాను. మీ అమ్మాయికి ప్రమోషన్ ఇచ్చేది ఆఫీసు లోపలివాళ్లు, లింక్డ్‌ఇన్‌లో లైకులు కొట్టేది ఎక్కువగా బయటివాళ్లు. ఉద్యోగం మారేటప్పుడు అక్కడ శుభ్రమైన ప్రొఫైల్ ఉండటం మంచిదే, దానికి ఒక ఆదివారం సరిపోతుంది. కానీ వారానికి మూడు పోస్టులు పెట్టమని, పని చేసే చోట జరిగిందల్లా కథగా మలచమని చెప్పే కోర్సులు చూస్తే నాకు భయం వేస్తుంది. క్లయింట్ పేరు, సిస్టమ్ ఎలా నడుస్తుంది, ఎక్కడ తప్పు దొరికింది, ఇవన్నీ సాధారణంగా చేరినరోజు సంతకం పెట్టిన గోప్యత నిబంధన కిందకే వస్తాయి. పైగా ఇప్పుడు పోస్టు రాసే పని కూడా ఏఐకే అప్పజెప్పమంటున్నారు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టారు, దాంతో కంపెనీ తన కంప్యూటర్లలో అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. పేరు కోసం చేసిన పని ఉద్యోగానికే ఎసరు తెస్తే ఆ కోర్సువాళ్లు వచ్చి మాట్లాడరు. ఇంకో సంగతి, రోజూ పోస్టులు పెట్టే మనిషిని చూసి పక్క సీటువాళ్లు "పని ఎప్పుడు చేస్తుందో" అనుకోవడం మొదలైతే దాన్ని మాన్పించడం చాలా కష్టం.

మీరు నొచ్చుకున్నా ఒక మాట అనక తప్పదు. చిన్నప్పటినుంచి ఆడపిల్లకి "తల వంచుకుని నీ పని నువ్వు చేసుకో, ఎదురు మాట్లాడకు" అని మనమే నూరిపోస్తాం. అడిగితేనే చెప్పాలి, పొగిడితే సిగ్గుపడాలి అని నేర్పిస్తాం. ఇరవై ఆరేళ్లు వచ్చాక "నీకు చెప్పుకోవడం రాదు" అని మనమే తప్పుపడతాం. ఆ అబ్బాయికి వచ్చింది నీకెందుకు రాలేదు అని ఫోన్‌లో ఎన్నిసార్లు అడిగారో మీకే తెలియాలి. ఆ ప్రశ్న ఆపండి సార్. రాత్రి పదింటికి అలిసిపోయి ఉన్న పిల్లకి అది ఇంకో అప్రైజల్.

మీ అమ్మాయికి బహుశా ఇదంతా సొంత డప్పు కొట్టుకోవడంలా అనిపిస్తుంది. మీరు సబ్‌స్టేషన్‌లో లాగ్‌బుక్ రాసేవారు కదా. ఏ ఫీడర్ ఎన్నింటికి ట్రిప్ అయింది, ఎల్‌సీ (లైన్ మీద పని చేసుకోవడానికి ఇచ్చే లైన్ క్లియర్) ఎవరికిచ్చారు, లైన్ మళ్లీ ఎప్పుడు ఛార్జ్ చేశారు. దాన్ని ఎవరైనా డప్పు అన్నారా? తర్వాతి షిఫ్టువాళ్లకి అది కావాలి, లేకపోతే ప్రాణాలు పోతాయి. ఆఫీసులో రాసే అప్‌డేట్ కూడా అలాంటిదే, చదివేవాళ్ల అవసరం కోసం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఫైనాన్స్‌వాళ్లకి రోజూ కావాల్సిన సెటిల్‌మెంట్ రిపోర్టు ఉదయం తొమ్మిది దాటాక వచ్చేదనుకుందాం. మీ అమ్మాయి రెండు వారాలు కూర్చుని, దాన్ని తయారుచేసే, రాత్రిపూట తనంతట తానే నడిచే ప్రోగ్రామ్ ఎక్కడ ఆలస్యమవుతోందో పట్టుకుని సరిచేసింది. టీమ్ పనుల లెక్క రాసుకునే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో టికెట్ తెరిచి "ఫిక్స్‌డ్" అని రాసి మూసేసింది. ఫైనాన్స్‌వాళ్లకి తెలిసిందల్లా ఈ మధ్య రిపోర్టు త్వరగా వస్తోందని. ఆ ఒక్క ముక్కకి బదులు, ముందు తన మేనేజర్‌కి చెప్పి, ఫైనాన్స్ వాళ్లున్న గ్రూపులో ఇలా రాయొచ్చు: "నిన్నటి నుంచి సెటిల్‌మెంట్ రిపోర్టు ఉదయం ఆరు లోపు వస్తుంది. ఇదివరకు తొమ్మిది దాటేది. మీ వైపు మార్చాల్సింది ఏమీ లేదు. నెలాఖరు లోడ్ మీద ఇంకా చూడలేదు, ఆ రెండు రోజులు నేను గమనిస్తాను. టెస్టింగ్‌లో ఫలానావారు రెండు తప్పులు పట్టుకున్నారు." ఇందులో గొప్పలు ఏమైనా ఉన్నాయా? ఏం మారింది, ఎవరికి లాభం, ఇంకా ఏం తేలలేదు, ఎవరు సాయపడ్డారు. ఆ చివరి రెండూ వదిలేయొద్దని చెప్పండి, నమ్మకం వాటివల్లే వస్తుంది.

హద్దులు కూడా ఉన్నాయి. ప్రతి మెయిల్‌కీ పై అధికారులందరినీ సీసీలో పెట్టడం, మూడొందల మంది ఉన్న గ్రూపులో ప్రతి చిన్న పనీ చెప్పడం, మేనేజర్‌ని దాటి వెళ్లడం, ఇవి బెడిసికొడతాయి. ఆ మార్పు ఎవరి పనిని తాకుతుందో వాళ్లకి చెబితే చాలు. శుక్రవారం సాయంత్రం పావుగంట కూర్చుని ఆ వారం చేసినవి తన ఫైల్‌లో తేదీతో రాసుకోవాలి. అప్రైజల్ ఫారంలో "ఇచ్చిన పనులన్నీ పూర్తి చేశాను" అని రాసేవాళ్లు ఏడాది క్రితం చేసింది గుర్తులేకే అలా రాస్తారు. తర్వాత ఎప్పుడైనా స్ప్రింట్ డెమోలో (కొన్ని వారాలకోసారి టీమ్ చేసిన పని చూపించే మీటింగులో) తను చేసిన భాగం తనే అయిదు నిమిషాలు చూపిస్తానని అడగమనండి.

మాటకారి కాదన్న బెంగ వద్దు. అమెజాన్‌లో 2004లో పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ తీసేశారు. దాని బదులు ఆరు పేజీలకు మించని నోట్ రాసుకొస్తే అందరూ ముందు దాన్ని మౌనంగా చదివి, ఆ తర్వాతే మాట్లాడతారు. రాయగలిగినవాళ్లకి ఎక్కడైనా చోటుంటుంది.

కంపెనీ మార్పు గురించి ఎక్కువ చెప్పను. మేనేజర్ పదేపదే ఆమె పనిని తన పేరుతో చెప్పుకుంటుంటే, లేదా ఆరు నెలలు ఇలా చేసి చూసినా కదలిక లేకపోతే మారడమే మంచిది. మూడు నెలల నోటీస్ పీరియడ్ ఉందేమో ముందే చూసుకోమనండి. ఇప్పుడే కోపంలో మారితే జీతం కాస్త పెరగొచ్చు, చేసింది చెప్పకుండా ఉండే అలవాటు మాత్రం కొత్త ఆఫీసుకీ వెంట వస్తుంది.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ప్రమోషన్ మాట ఎత్తకండి. "ఈ వారం ఏం చేశావమ్మా, నాకు అర్థమయ్యేలా చెప్పు" అని అడగండి. మొదట్లో "నీకు అర్థం కాదులే నాన్నా" అంటుంది. ఫరవాలేదు, అదివరకు ఎలా ఉండేది, ఇప్పుడేం మారింది, ఎవరికి ఉపయోగం అని మెల్లగా అడుగుతూ ఉండండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిన రోజున, అదే విషయం ఫైనాన్స్‌వాళ్లకి రాయడం తనకి పెద్ద కష్టం కాదు.