అమ్మగారి ముఖం నొప్పికి ఆపరేషన్ చేయించాలా? నేను పడింది చెబుతాను

అరవై ఎనిమిదేళ్ల అమ్మగారికి మూడేళ్లుగా కుడి చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా అన్నారు, మాత్రలతో మత్తుగా పడి ఉంటున్నారు, ఇప్పుడు ఆపరేషన్ అంటున్నారు, ఇది అనుభవించినవాళ్లు చెప్పండి అని అడిగారు. నేను అనుభవించానండి. నాది ఎడమ చెంప.

2016 భోగి రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే మొదలైంది. పంటి నొప్పే అనుకుని రెండు దంతాలు పీకించుకున్నాను. ఆ పళ్లలో ఏ లోపమూ లేదని తర్వాత తెలిసింది. చాలామంది దీనితో ముందు పంటి డాక్టరు దగ్గరికే వెళ్తారు. ఎనిమిది నెలలు పోయాక ఒక న్యూరాలజిస్టు నేను చెప్పింది విని, ముట్టుకుంటే ఎక్కడ కొడుతుందో చూసి, పేరు చెప్పారు. ముఖానికి వెళ్లే నరం మెదడు దగ్గర మొదలయ్యే చోట ఒక రక్తనాళం దాన్ని ఆనుకుని నొక్కుతూ ఉంటే, నరం పైపొర దెబ్బతిని ఇలా అవుతుందట. ఎమ్మారై చేయించారు. వేరే కారణమేదీ లేదని చూడడానికి కూడా అది కావాలన్నారు.

నేను టీచర్ని. నోరు తెరిస్తే కొట్టే నొప్పితో మూడో తరగతికి పాఠం చెప్పడం ఎలా ఉంటుందో ఊహించండి. హాజరు పిలవలేక బోర్డు మీద రాసేదాన్ని. రాజమండ్రిలో చలికాలం గోదావరి గాలి చెంపకు తగలకుండా చున్నీ కట్టుకునేదాన్ని. అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసి, కుడివైపు నుంచి మింగడమే.

ఈ నొప్పికి ఇచ్చే కార్బమజెపిన్ మాత్ర మొదట అద్భుతంగా పనిచేసింది. 200 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేళ్లలో రోజుకు 800 దాకా పెరిగింది. అప్పుడు నడుస్తుంటే తూలేదాన్ని, మాటలు గుర్తుకొచ్చేవి కావు. రక్తంలో సోడియం 126కి పడిపోయింది, 135 పైన ఉండాలి. మీ అమ్మగారికి సోడియం పరీక్ష ఈమధ్య చేయించారా? పెద్దవయసులో ఆ మత్తుకు, తికమకకు ఇది కూడా కారణం కావచ్చు. బీపీకి నీళ్లమాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్లు వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విశాఖలో ఓపీ దగ్గర కూర్చున్నప్పుడు నా చున్నీ చూసి ఒకావిడ పక్కకొచ్చి, "నీక్కూడా అదేనా అమ్మా?" అన్నారు. విజయనగరం అక్క. అప్పటికి ఆరేళ్ల కిందట ఆమెకు ఎంవీడీ (మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్) ఆపరేషన్ అయింది. చెవి వెనక ఎముకలో చిన్న రంధ్రం చేసి, నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెడతారు. ఆమె ద్వారా మరో పదిమంది పరిచయమయ్యారు, వాట్సాప్‌లో ఒక గ్రూపుగా ఉన్నాం. గుంటూరు అన్నయ్యకు గుండె జబ్బుంది, అందుకని చెంపలోంచి సూదిపెట్టి నరాన్ని వేడితో మాడ్చే పద్ధతి చేశారు. ఇంటికి మర్నాడే వచ్చేశారు. కానీ ఆ చెంప మొద్దుబారింది, పెదవి చివర అన్నం మెతుకు ఉన్నా తెలియదు. మూడేళ్లకు నొప్పి మళ్లీ వచ్చి రెండోసారి చేయించుకున్నారు. ఇంకొకరు గామా నైఫ్ రేడియేషన్ చేయించుకున్నారు. కోత లేదు గానీ, ఫలితం కనిపించడానికి రెండు నెలలు పట్టింది. ఈ ముగ్గురినీ "నొప్పి తగ్గిందా" అని మాత్రమే అడిగితే అందరూ తగ్గిందనే చెప్పేవారు. "బదులుగా ఏం పోయింది" అని అడిగాకే నాకు తేడా అర్థమైంది. మీరూ అలాగే అడగండి.

ఒక తప్పు కూడా చెప్పాలి. గ్రూపులో ఒకరు ఏదో కషాయంతో తగ్గిందంటే నేను డాక్టరుకు చెప్పకుండా మాత్రలు ఆపేశాను. నాలుగో రోజు నీళ్లు కూడా మింగలేక సెలైన్ పెట్టించుకోవాల్సి వచ్చింది. తోటి రోగుల దగ్గర ధైర్యం తెచ్చుకోండి, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు తెచ్చుకోండి. మందు మోతాదు మాత్రం వాళ్ల మాట మీద మార్చకండి.

2021లో ఎంవీడీ చేయించుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఆ షాక్ లేదు, చెంప మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. ఎడమ చెవిలో హోరు మిగిలింది, వినికిడి కొంచెం తగ్గింది. అది రావచ్చని ముందే చెప్పారు. నాకప్పుడు 44 ఏళ్లు. మీ అమ్మగారి వయసు ఒక్కటే చూసి సాధారణంగా కాదనరు, గుండె, ఊపిరితిత్తులు ఆపరేషన్‌కు ఇచ్చే మత్తును తట్టుకుంటాయా అన్నది ముఖ్యంగా చూస్తారు. ఈ ఆపరేషన్లు తరచుగా చేసే న్యూరోసర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. మీకు ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే, దానికి ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం సాయకులైన ఆరోగ్యమిత్రను అడగండి.

అమ్మగారికి ఇష్టమైతే అక్కతో ఫోన్లో మాట్లాడిస్తాను. ఆపరేషన్‌కు ముందు నేను నోరు తెరవలేని రాత్రుల్లో అక్క ఫోన్ చేసి తనే మాట్లాడేది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు నేను గోటితో ఫోన్ మీద కొట్టేదాన్ని. ఇంట్లో మీరు కూడా నొప్పి వచ్చినప్పుడు "ఎలా ఉందమ్మా, చెప్పమ్మా" అని అడగకండి. చేతి సైగతో చెప్పగలిగేలా అడగండి.