సైబర్ భద్రతలో నైతిక నిర్ణయాలకు మనుషుల విలువలను మోడల్ చేయడం అంటే ఏమిటి?

ఒక నిర్ణయం వల్ల ఎవరికి ఏ విలువ దెబ్బతింటుందో, ఎవరికి ఏది దక్కుతుందో ముందే రాసుకుని పోల్చి చూడటమే ఇది.

ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్, దూరిందనుకోండి. మొత్తం ఆపేస్తే అది మిగతా కంప్యూటర్లకు పాకదు, రోగుల వివరాలు బయటికి పోవు. కానీ అదే క్షణంలో ఐసీయూలో ఉన్న డాక్టరుకు ల్యాబ్ రిపోర్టు తెరుచుకోదు. ఒకవైపు గోప్యత, ఇంకోవైపు ప్రాణం. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దెబ్బకు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఇలాంటి చోట రిస్కు ఎంత అని చెప్పే ఒక్క అంకె చాలదు.

మోడల్‌కు పునాదిగా తరచూ మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో ప్రతిపాదించిన పది మౌలిక విలువలను తీసుకుంటారు. ఆయన వాటిని వృత్తంలా అమర్చారు. పక్కపక్కన ఉన్నవి కలిసి నడుస్తాయి, ఎదురెదురుగా ఉన్నవి ఢీకొంటాయి. భద్రత ఒక వైపుంటే, సొంతంగా ఆలోచించి నడుచుకునే స్వేచ్ఛ దానికి ఎదుటి వైపున ఉంటుంది. ఉద్యోగుల మెయిళ్లపై నిఘా పెట్టాలా అన్న గొడవ సరిగ్గా అక్కడే పుడుతుంది. అయితే గోప్యత ఆ పదిలో విడి విలువగా లేదు. సైబర్ భద్రతకు వాడేటప్పుడు దాన్ని మనమే చేర్చుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

అసలు కష్టం ఏ విలువకు ఎంత బరువు ఇవ్వాలన్న దగ్గర వస్తుంది. ఇంజినీర్లు ఒక గదిలో కూర్చుని తేల్చేస్తే అది వాళ్ల విలువల మోడలే అవుతుంది. నర్సులను, రోగులను అడగాలి. నా ఉద్దేశంలో తుది తీర్పు కూడా మోడల్‌కు వదలకూడదు. ఏ విలువలు ఢీకొంటున్నాయో అది చూపించాలి, నిర్ణయం మాత్రం జవాబుదారీ ఉన్న మనిషే తీసుకోవాలి.