పూల అద్దకం గుడ్డలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పెడన నుంచి పూలతీగల అద్దకం గుడ్డ తెప్పించి హాల్లో కర్టెన్లు కుట్టించాలనుకుంటున్నాం. కడ్డీ 5 అడుగులు, అక్కణ్ణుంచి నేలకు 7 అడుగులు. ఎన్ని మీటర్లు కొనాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 8 మీటర్లు, అంతా ఒకే తానులోంచి తీసుకోండి. తాను మారితే ఎరుపు ఛాయ మారుతుంది, పక్కపక్కన వేలాడదీస్తే ఇట్టే తెలిసిపోతుంది.

కుచ్చులు నిండుగా పడాలంటే వెడల్పు కడ్డీకి రెట్టింపు, అంటే 120 అంగుళాలు ఉండాలి. పన్నా (గుడ్డ వెడల్పు) 44 అయితే మూడు ముక్కలు కావాలి. ఒక్కో ముక్క పొడవు 84, పై మడతకు 4, కింది మడతకు 6, మొత్తం 94. పూలతీగ 12 అంగుళాలకోసారి మళ్లీ మొదలవుతుందనుకుంటే 94ను 96 చేయాలి, లేదంటే అతుకు దగ్గర పూలు కలవవు. మూడు ముక్కలకు 288 అంగుళాలు, అంటే 7.3 మీటర్లు. మిగిలింది గుడ్డ కుదించుకుపోయేందుకు.

కత్తెర పెట్టేముందు గుడ్డ తడపడం మాత్రం మానకండి. నూలు గుడ్డ మొదటి తడుపుకే నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గవచ్చు. కుట్టాక తగ్గితే కర్టెన్ నేలకు నాలుగంగుళాలు పైకి పోతుంది. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేయండి. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి, తీగ కొలత మళ్లీ తీసుకోండి, అదీ తగ్గి ఉంటుంది. మూడో ముక్కను నిలువునా రెండుగా కోసి రెండు తెరల బయటి అంచులకు అతికిస్తే అతుకు కుచ్చుల్లో కలిసిపోతుంది. చేత్తో వేసిన అచ్చు పైనుంచి కిందిదాకా అచ్చంగా కలవదు. అందుకని కంటి ఎత్తులో పూలు కలపండి, తేడా కిందికి పోనివ్వండి.

ప్రశ్న: పడమటి కిటికీకున్న పాత కలంకారీ తెరలో పసుపు వెలిసింది, నల్ల గీతల వెంబడి గుడ్డ చిరుగుతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నల్ల గీతలకు వాడేది కసిమి, అంటే తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టిన ద్రవం. కరక్కాయ పెట్టిన గుడ్డ మీద అది నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలుపోగును తినేస్తుంది. ఎండా తేమా తోడైతే మరీను. మ్యూజియాల్లోని పాత కోరమండల్ (మన తూర్పు తీరం) వస్త్రాల్లోనూ నల్ల గీతలే ముందు రాలిపోతుంటాయి. పాడైనదాన్ని బాగుచేయలేం గానీ వెనక పల్చటి నూలుగుడ్డ వేసి సన్నటి కుట్లతో పట్టించవచ్చు.

చెట్ల రంగుల్లో పసుపు ఎండకు తొందరగా వెలుస్తుంది. నీలిమందు, పటిక పెట్టిన గుడ్డకు పట్టిన ఎరుపు ఎక్కువ కాలం ఆగుతాయి. పడమటి కిటికీకి ఈసారి ఆ రెండు రంగులే ఎంచుకుని, తెల్ల నూలు లైనింగ్ వేయించండి. లైనింగ్‌నూ ముందే తడపాలి, లేకుంటే తర్వాత అది కుదించుకుని పైగుడ్డ ముడతలు పడుతుంది. ఉతకడానికి కుంకుడు రసం చాలు. చాకలి సోడా, నిమ్మరసం, బ్లీచ్ వద్దు.

ప్రశ్న: ఇక్కడ కొన్న మెరిసే చింట్జ్ దిండు గలీబులు ఉతికితే మెరుపు పోయింది. తిరిగి వస్తుందా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: పూర్తిగా రాదు. చింట్జ్ అంటే పూల అద్దకం నూలుగుడ్డే. ఆ మెరుపు నూలుది కాదు, పైపూత. మన తీరంలో గంజిపెట్టి, గవ్వతో రుద్ది తెచ్చేవారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించి 1759 దాకా ఆపినా జనం మోజు చావని పూలగుడ్డలు ఇవే. నేటి గుడ్డలకు రసాయన పూత వేస్తారు, వేడినీళ్లకూ మడతలకూ అది పగులుతుంది. పల్చటి గంజిపెట్టి, తడిగా ఉండగానే పూలవైపు నుంచి గట్టిగా అదిమి ఇస్త్రీ చేస్తే కొంత నునుపు వస్తుంది. అది మళ్లీ ఉతికేదాకానే. మిగతా గలీబులను డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి.