ఆర్కిటెక్ట్ ఎవరైనా దేశాధ్యక్షుడు అయ్యారా?

నల్గొండలో ఉండి ఆర్కిటెక్చర్‌లో చేరబోతున్నాను, ఈ వృత్తి నుంచి ఎవరైనా దేశాన్ని ఏలారా అని అడిగారు. ఏలారు. పెరూ దేశపు ఫెర్నాండో బెలాఉండే టెర్రీ. అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, 1937లో లిమాలో వాస్తుశిల్పుల కోసం ఒక పత్రిక పెట్టారు. 1945లో పార్లమెంటుకు, 1963లో అధ్యక్ష పదవికి ఎన్నికయ్యారు.

ఇళ్ల కాలనీలు కట్టించారు కానీ, నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆండీస్ పర్వతాలకు తూర్పున అడవి అంచు వెంట ఆయన తలపెట్టిన రహదారి. నేను దేవరకొండ వైపు తండాలో పుట్టాను. దారి పడకముందు గర్భిణులను మంచం మీద మోసుకెళ్లడం కళ్లారా చూశాను.

1968లో సైన్యం ఆయనను గద్దె దించింది. 1980లో జనం మళ్లీ గెలిపించారు. 1985 దాకా సాగిన ఆ రెండో పాలనను అప్పుల భారం, షైనింగ్ పాత్ అనే మావోయిస్టు తిరుగుబాటు దళం హింస కుంగదీశాయి.