గుంత తవ్వించింది దుర్వాసన కాదు

"చనిపోయినవారిని పూడ్చిపెట్టడం, వారి కోసం దుఃఖించడం మానవజాతిలో ఎప్పుడు మొదలైంది? దుర్వాసన, అడవి జంతువుల భయమే దీనికి కారణమా?" అన్నది ప్రశ్న. ఇప్పటికే వచ్చిన సమాధానాలలో ఎక్కువ భాగం "అవును, పరిశుభ్రత కోసమే" అని తేల్చేశాయి. నేను ఒప్పుకోను. నా దృష్టిలో దుఃఖం ముందు పుట్టింది, గుంత ఆ తరువాత వచ్చింది. ఆ గుంతను మొదట తవ్వించింది కూడా పెద్దల చావు కాదు, పసిపిల్లల చావు.

సంచార జీవితం గడిపేవారికి శవం ఇబ్బంది అయితే గుంత తవ్వడం కన్నా మకాం మార్చడం తేలిక. కర్రతోనో ఎముకతోనో నేలను పెళ్ళగించడం ఎంత శ్రమో ఎండాకాలంలో పలుగు పట్టినవారిని అడిగితే చెబుతారు. పైగా ఆఫ్రికాలో దొరికిన ఆధునిక మానవుల సమాధులలో అత్యంత ప్రాచీనమైనది, కెన్యా తీరప్రాంతంలోని పంగా యా సయిది గుహలోది, మనుషులు మసలిన చోటనే ఉంది. సుమారు 78,000 ఏళ్ళ నాటి ఆ గుంతలో మూడేళ్ళు నిండని బిడ్డ కుడిపక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు రొమ్ము దగ్గరకు ముడుచుకుని ఉంది. ఎముకలు కదిలిన తీరును బట్టి పై శరీరాన్ని దేనితోనో బిగువుగా చుట్టి ఉంటారని, తల వాలిన తీరును బట్టి దాని కింద దిండు వంటిదేదో ఉండి తరువాత కుళ్ళిపోయి ఉంటుందని పరిశోధకులు 2021లో రాశారు.

ఆ దిండు సంగతి చదివినప్పుడు నాకు వింతగా తోచలేదు. మా తమ్ముడి కూతురు రెండేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయింది. మా పల్నాటి పల్లెలో పెద్దవారిని దహనం చేసే కుటుంబాలు కూడా పసిపిల్లలను పూడ్చిపెడతాయి. పాడె కట్టరు, డప్పు ఉండదు, బిడ్డను చేతుల మీదనే తీసుకువెళతారు. మా బాబాయి పాపను తెల్లగుడ్డలో చుట్టి ఎత్తుకుని గడప దాటబోతుండగా మా నాయనమ్మ ఆయనను ఆపి, తన పాత నేతచీర ఒకటి మడతలు వేసి భుజాన పెట్టి, "తల కింద పెట్టరా, దానికి దిండు లేకపోతే నిద్ర పట్టదు" అన్నది. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని వెనుక ఎవరో గొణిగారు. బాబాయి మారు మాట్లాడకుండా వాగు ఒడ్డున గుంతలోకి దిగి, ముందు ఆ మడత పరిచి, పాప తలను దాని మీద సరిచేసి, అప్పుడు పైకి వచ్చాడు. ఉప్పు చల్లి, మట్టి పూడ్చి, పైన తుమ్మకంప కప్పి రాళ్ళు పెట్టారు. కంప చూసి "జంతువుల భయమే కదా" అనేవారు ఉంటారు. నిజమే, కానీ ఆ భయం మా ప్రాణాల గురించి కాదు, నక్కలు బిడ్డను తవ్వుకుపోతాయని.

ఇక ఇరాక్‌లోని షానిదార్ గుహలో నియాండర్తల్ (అంతరించిపోయిన మరో మానవజాతి) మనిషిని పూల మీద పడుకోబెట్టారన్న కథను తిరుగులేని సత్యంగా చెప్పే వీడియోలతో నాకు విసుగు. ఆ సమాధి దగ్గర దొరికినది పుప్పొడి మాత్రమే. దానిని బొరియలు చేసే ఎలుకజాతి జీవులో తేనెటీగలో తెచ్చి ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు చెబుతున్నారు. అదే గుహలో ఒక కన్ను సరిగా లేక, చేయి చచ్చుబడి కూడా ఏళ్ళ తరబడి బ్రతికిన మనిషి అస్థిపంజరం దొరికింది. ఆ మనిషికి ఎవరో తోడుగా నిలిచి ఉంటారు. పూల కన్నా నాకు ఈ సాక్ష్యమే గట్టిగా కనిపిస్తుంది. ఈ సంగతి మాత్రం ఆ వీడియోలకు పట్టదు.

దుఃఖానికైతే మనిషే కానక్కరలేదు. 2018లో ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో టాలెక్వా అనే ఓర్కా తిమింగిలం పుట్టగానే చనిపోయిన తన పిల్లను 17 రోజుల పాటు వదలకుండా మోస్తూ ఈదింది. గినీ దేశంలోని బొస్సూలో చింపాంజీ తల్లులు చనిపోయిన పిల్లలను, శరీరం ఎండి తోలుకట్టినా, వారాల తరబడి వెంట తిప్పుకున్నాయి. వాటికి పూడ్చడం తెలియదు; మన పూర్వికులకు ఏదో ఒకనాడు తెలిసింది. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో 90,000 ఏళ్ళకు పైబడిన సమాధులలో పెద్దలవీ ఉన్నాయన్నది నాకు తెలుసు. అయినా వాటిలో రొమ్ము దగ్గర జింక కొమ్ములు ఉంచిన ఒక పిల్లవాడి సమాధినే నేను ముందు లెక్కలోకి తీసుకుంటాను.

మనకు దగ్గరలో చూసినా ఇదే తీరు. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు, నవీన శిలాయుగపు జనం పసికందులను కుండలలో పెట్టి తమ నివాసాల నడుమనే పాతిపెట్టిన ఆనవాళ్ళు బయటపడ్డాయి. దుర్వాసనకు జడిసేవారు ఇంటి దగ్గర పాతుకుంటారా? మన పాఠ్యపుస్తకాలు మాత్రం శిలాయుగమనగానే రాతిగొడ్డలి బొమ్మ వేసి ముగిస్తాయి.

రష్యాలోని సుంగీర్‌లో సుమారు 34,000 ఏళ్ళ నాటి సమాధులు ఉన్నాయి. అక్కడ ఒక పెద్ద మనిషి మీద దాదాపు 3,000 మామత్ (అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు) దంతపు పూసలు ఉంటే, ఒకే గుంతలో తలలు ఆనించి పడుకోబెట్టిన ఇద్దరు పిల్లల మీద కలిపి 10,000కు పైగా ఉన్నాయి. ఒక్కొక్క పూస చెక్కడానికి గంట దాకా పట్టి ఉంటుందని అంచనా. చావు తరువాత కూర్చుని అన్ని పూసలు చెక్కడం సాధ్యం కాదు కనుక, అవి ముందే సిద్ధంగా ఉన్నవేనని నా నమ్మకం. తీసి దాచుకుంటే మరికొందరు పిల్లలకు పనికివచ్చేవి. ఆ చలి దేశంలో, అంత శ్రమతో కూడిన వస్తువులను, తీయకుండానే మట్టి కప్పారు.