ధర్నాలో ఉన్నందుకు బస్సు అద్దాల డబ్బులు నేను కట్టాలా?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ ఫైనలియర్. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రిలీజ్ చెయ్యాలని మా జిల్లా కలెక్టరేట్ ముందు ధర్నాకి పోయినం. మధ్యలో ఎవడో రాయి ఇసిరిండు, ఆర్టీసీ బస్సుకి రెండు కిటికీ అద్దాలు పగిలినయ్. పోలీసులు లాఠీచార్జ్ చేసి మమ్మల్ని 11 మందిని డీసీఎం వ్యాన్‌లో ఎక్కించిండ్రు, రాత్రి 9 దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకొని ఒదిలిండ్రు. మా ఇంట్లోకి ఫోన్ కూడా చెయ్యలే, మా బాపుకి వాట్సాప్‌ల ఫొటో చూస్తే తెలిసింది. ఇప్పుడు నోటీస్ వచ్చింది. ఒక కానిస్టేబుల్ ఏమో తలా 25 వేలు బస్సు డ్యామేజ్ కట్టండి, కేసు లేకుండా చూస్తా అంటున్నడు. నేను రాయి ముట్టుకోలే సార్. కట్టాల్నా? కానిస్టేబుల్ జాబ్‌కి ప్రిపేర్ అయితున్న, అది పోతదా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 25 వేలు కట్టకు. మీ బాపు అప్పు తెచ్చేలోపే ఆయన్ని ఆపు. ఒక్కసారి లెక్క చూడు, 11 మంది ఇంటూ 25 వేలు అంటే 2 లక్షల 75 వేలు. రెండు కిటికీ అద్దాలకా? ఆ లెక్క ఎవరు వేశారు? బస్సు డ్యామేజ్ ఎంతో ఎస్టిమేట్ రాసిచ్చేది డిపో వాళ్ళు, అది ఫైల్‌లో ఉంటది, డబ్బులు కట్టమని ఆర్డర్ వేసేది కోర్టు, కడితే రసీదు ఇస్తారు. రసీదు లేకుండా స్టేషన్ గుమ్మం దగ్గర తీసుకునే దాన్ని డ్యామేజ్ అనరు, దాని పేరు నీకూ తెలుసు నాకూ తెలుసు.

ఇంకో సంగతి, ఆ డబ్బు కట్టినా కేసు పోదు. ఆర్టీసీ బస్సు ప్రజా ఆస్తి కిందకి వస్తది, దానికి 1984 నాటి ప్రత్యేక చట్టం ఉంది. మామూలు ప్రభుత్వ ఆస్తికి నష్టం చేస్తే 5 ఏళ్ళ దాకా శిక్ష, బస్సు, కరెంటు, నీళ్ళు లాంటి వాటికి చేస్తే కనీసం 6 నెలలు, పైన 5 ఏళ్ళ దాకా, నిప్పు పెడితే కనీసం ఏడాది, పైన 10 ఏళ్ళ దాకా. అద్దమే కదా అని లైట్ తీసుకునే కేసు కాదన్నమాట. ఇది ఇద్దరూ కూర్చుని రాజీ చేసుకునే రకం నేరం కూడా కాదు. కేసు పోవాలంటే హైకోర్టులో క్వాష్ చేయించుకోవాలి, అంటే కేసునే కొట్టేయించుకోవాలి, లేదంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ విత్‌డ్రా పిటిషన్ వేస్తే కోర్టు ఒప్పుకోవాలి. ఆ విత్‌డ్రా కూడా అన్నిసార్లూ అవ్వదు. కేరళ అసెంబ్లీలో 2015లో కుర్చీలు, మైకులు విరగ్గొట్టిన ఎమ్మెల్యేల మీద కేసు ఎత్తేద్దామని అక్కడి ప్రభుత్వం చూస్తే 2021లో సుప్రీంకోర్టు కుదరదంది. ఎమ్మెల్యేల కేసే పోనప్పుడు ఒక కానిస్టేబుల్ నీ కేసు ఎట్లా లేకుండా చేస్తాడో నువ్వే ఆలోచించు.

ఇక నువ్వు అడిగిన అసలు పాయింట్, రాయి ఎవడో విసిరితే పక్కన నిలబడ్డవాడు డబ్బు కట్టాలా అనేది. నిజానికి ఇది మొత్తం మన దేశం తేల్చుకోలేకపోతున్న ప్రశ్నే. 2009లో సుప్రీంకోర్టు దీని మీద పెద్ద తీర్పు ఇచ్చింది, రాజస్థాన్ వైపు గుజ్జర్ల ఆందోళనలో జరిగిన విధ్వంసం చూసి తనంతట తానే తీసుకున్న కేసు, అయినా విచిత్రంగా కేసు టైటిల్‌లో ప్రతివాదిగా మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరే ముందుంటది. అందులో కోర్టు తానే వేసిన నారిమన్ కమిటీ, జస్టిస్ కె.టి.థామస్ కమిటీ చెప్పినవి చాలా వరకు ఒప్పుకుని, నష్టపరిహారం ఎవరు కట్టాలంటే అసలు చేసినవాళ్ళు, ఆ కార్యక్రమం పెట్టిన నిర్వాహకులు పంచుకోవాలంది. కానీ ముందు నష్టానికీ ఆ ఘటనకీ లింకు రుజువు కావాలి, లెక్క తేల్చేది హైకోర్టు పెట్టిన క్లెయిమ్స్ కమిషనర్, అంటే జడ్జి స్థాయి మనిషి. ఎస్సై గారు కాదు, తహసీల్దారు కాదు.

నీకు మంచి మాటలే చెప్పి పంపిస్తే నేను లాయర్‌ని కాదు కాబట్టి ఇదీ విను. 2018లో సుప్రీంకోర్టు ఇంకో మాట అంది, హింస చేసినందుకో చేయించినందుకో అరెస్టయినవాళ్ళకి బెయిల్ ఇచ్చేటప్పుడు నష్టం మొత్తం డిపాజిట్ చెయ్యమని గానీ ష్యూరిటీ ఇవ్వమని గానీ షరతు పెట్టొచ్చని, ఒకరికంటే ఎక్కువమంది ఉంటే అందరూ కలిసీ విడివిడిగానూ బాధ్యులేనని. అంటే లీడర్ జేబులో రూపాయి లేకపోతే మొత్తం నీ మీద పడే ఛాన్స్ కాగితం మీద ఉంది. అందుకే నీ కేసులో పని అంతా ఒక్కచోటే ఉంది, నువ్వు ఆ "చేసినవాళ్ళు" లెక్కలో లేవని చూపించుకోవడం. గుంపులో ఉండటం ఒక్కటే నేరం కాదు. కానీ బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 189 ప్రకారం కనీసం 5 గురు ఉన్న గుంపు చట్టవిరుద్ధంగా మారిందని తెలిసి కూడా కావాలని అందులోనే ఉండిపోతే దాని సభ్యుడివే అవుతావు. రాయి పడ్డాక నువ్వేం చేశావు? వెనక్కి జరిగావా, పారిపోయావా, ఆపండిరా అన్నావా? ఆ రోజు ఎవడో ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టే ఉంటాడు, ఎదురుగా జిరాక్స్ షాపులో సీసీ కెమెరా ఉంటది, అది డిలీట్ అయ్యేలోపు సంపాదించు. నిన్ను కాపాడేది ఆ వీడియోనే, నా వాదన తర్వాత.

నా సొంత అభిప్రాయం అడగలేదు కానీ చెప్తా. రాయి విసిరినవాడి దగ్గర ముక్కు పిండి వసూలు చెయ్యాలి అంటాను నేను. ఆ బస్సులో కూర్చున్నది కలెక్టర్ కాదు కదా, మార్కెట్‌కి పోయే ముసలమ్మ. అద్దం పగిలితే ఆ డబ్బు చివరికి టికెట్ రేటులోకే వస్తది. పిలుపిచ్చి, మైకు పట్టుకుని రెచ్చగొట్టి, లాఠీ లేవగానే స్కార్పియో ఎక్కి మాయమైన నాయకుడి దగ్గర డబుల్ వసూలు చెయ్యాలి, 2009 తీర్పులో కూడా నష్టానికి రెండింతలు మించకుండా అదనపు పరిహారం వెయ్యొచ్చనే ఉంది, ఎక్కడా వెయ్యరు అంతే. ఎవరి చేతిపని వాళ్ళ నెత్తిన, అక్కడివరకు నేను ఒప్పుకుంటా. కానీ పరిగెత్తలేక దొరికినవాళ్ళని 11 మందిని లెక్కపెట్టి తలా ఇంత అని పంచడం బాధ్యత కాదు, అది పాత కాలంలో ఊరు మొత్తానికి జుర్మానా వేసే పద్ధతి. ఉత్తరప్రదేశ్‌లో సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) గొడవల తర్వాత ఇలాగే అడిషనల్ జిల్లా మెజిస్ట్రేట్లతో రికవరీ నోటీసులు ఇప్పించారు, పోలీసు రెవెన్యూ వాళ్ళే ఫిర్యాదుదారు, వాళ్ళే జడ్జి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగా అడిగేసరికి 274 నోటీసులు వెనక్కి తీసుకున్నారు, వసూలు చేసిన డబ్బు తిరిగిచ్చెయ్యమంది కోర్టు. కొత్త చట్టం కింద ట్రిబ్యునల్‌కి పోవచ్చని దారి మాత్రం ఉంచింది.

లాఠీ సంగతి. నిరాయుధంగా శాంతిగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19(1)(బి)లోనే ఉంది, రోడ్డు మీద మీటింగ్ అంటే మొత్తానికే వద్దనే పవర్ పోలీసులకి లేదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది, టైమూ చోటూ చెప్పి రెగ్యులేట్ చెయ్యొచ్చు. మన దగ్గరే చూడు, కందుకూరు తొక్కిసలాట తర్వాత ఆంధ్రాలో రోడ్ల మీద సభలు ఆపుతూ 2023 జనవరిలో జీవో నంబర్ 1 తెచ్చారు, మే నెలలో హైకోర్టు కొట్టేసింది. అట్లని రోజుల తరబడి రోడ్డు మూసేసి కూర్చుంటాం అన్నా కుదరదు, ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో 2020లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. గుంపుని చెదరగొట్టాలంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 148 ప్రకారం ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటో స్టేషన్ ఇన్‌ఛార్జో ముందు వెళ్ళిపొమ్మని ఆర్డర్ ఇవ్వాలి, వినకపోతేనో, కదిలేది లేదన్నట్టు గుంపు మొండికేస్తేనో బలం వాడొచ్చు. మైకులో చెప్పారా లేదా అనేది నీ వీడియోలో వినపడాలి. దెబ్బలు తగిలితే ఆ రోజే ప్రభుత్వ హాస్పిటల్‌లో చూపించుకుని ఉండాల్సింది, ఇప్పటికైనా చూపించుకుని చీటీ దాచుకో.

నేను ఈ కోర్టుల్లో తిరుగుతున్న ఇన్నేళ్ళలో ఎండలో మూడు షిఫ్టులు నిలబడి, మీ నినాదాలన్నీ తిట్లుగా మీదేసుకుని ఓపిక పట్టిన హోంగార్డుల్ని చూశాను, వాళ్ళనేమీ అనను. కానీ డబ్బు బాధ్యత గురించి మాట్లాడినప్పుడు అది ఒకవైపే నడవకూడదు. బీహార్‌లో రుదుల్ సాహ్ అనే ఆయన నిర్దోషి అని తేలాక కూడా 14 ఏళ్ళు జైల్లోనే ఉన్నాడు, 1983లో సుప్రీంకోర్టు అప్పటికే ఇచ్చిన 5 వేలు కాక ఇంకో 30 వేలు ఇమ్మంది, ప్రభుత్వం తప్పుగా లోపల పెడితే పరిహారం కట్టాలనే దారి అక్కడ మొదలైంది. ఆ డబ్బు ఖజానాది, అంటే మళ్ళీ మనదే. అధికారి పర్సనల్‌గా చేసిన దౌర్జన్యానికి అతని దగ్గర్నుంచే రాబట్టొచ్చని ఆ తర్వాత సుప్రీంకోర్టుదే ఇంకో తీర్పు ఉంది, దాన్ని వాడేవాళ్ళు అరుదు. ఉద్యమకారుడి జేబులో చెయ్యి పెట్టినంత ఈజీగా ఖాకీ జేబులో పెట్టరు, నా కోపమంతా అక్కడే.

నువ్వు రాత్రి 9 దాకా ఉన్నావు, 24 గంటలు దాటలేదు కాబట్టి టైమ్ మీద కొట్లాడలేం, కానీ అరెస్టు చూపించి ఉంటే ఎందుకో నీకు చెప్పాలి, ఇంట్లో వాళ్ళకి తెలియజెయ్యాలి. ఆ సంతకాల గురించి భయపడకు, దర్యాప్తులో పోలీసులు రాసుకునే స్టేట్‌మెంట్ మీద అసలు సంతకం తీసుకోకూడదు, పోలీసుల ముందు ఒప్పుకున్నా అది కోర్టులో సాక్ష్యం కాదు. ఖాళీ కాగితం మీద పెట్టి ఉంటే మాత్రం ఏ రోజు ఎన్ని పెట్టావో రాసి ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్ట్ చెయ్యి, 25 వేల సంగతీ అందులోనే రాయి, పేరు తెలియకపోతే టైమ్ రాయి చాలు.

నోటీస్ అంటే బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసే అయ్యుంటది, అంటే అరెస్టు చెయ్యకుండా విచారణకి రమ్మని పిలిచేది. దానికి తప్పకుండా పో. పోకపోతే అరెస్టు చెయ్యడానికి నువ్వే సాకు ఇచ్చినట్టు, పోతే కారణం రాయకుండా అరెస్టు చెయ్యలేరు. ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసి ఏ సెక్షన్లు పెట్టారో చూసుకో, డ్యూటీలో ఉన్న పోలీసుని కొట్టారని బీఎన్ఎస్ 132 లాంటిది కలిపి ఉంటే లోకల్ లాయర్‌తో మాట్లాడి ముందస్తు బెయిల్ వేసుకో.

జాబ్ విషయం. కేసు ఉందని మాత్రమే ఆటోమేటిగ్గా ఉద్యోగం పోదు, దాచిపెడితే పోతది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, వెరిఫికేషన్ ఫారంలో అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయాలి, రాసినా చూసుకుని నిర్ణయించే హక్కు డిపార్ట్‌మెంట్‌కి ఉంటది. పోలీసు ఉద్యోగానికి అయితే ఇంకొంచెం గట్టిగానే చూస్తారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అందుకే ఛార్జిషీట్‌లో నీ పేరు రాకుండా ఇప్పుడే ఆ వీడియో దర్యాప్తు ఆఫీసర్‌కి లెటర్‌తో ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో, నోటీస్ రోజు పోయేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నీ దగ్గర ఒకటి ఉంచుకో. మీ బాపుని కూడా వెంట తీసుకుపో, బయట కూర్చోమను.